నా చేత్తో వేసిన బెల్టు

మార్చి 3, సోమవారం

చెల్లెలు తన కొండబండిని, అదే కొండ ఊళ్ళకి తిరిగే జీపుని, మా పెరట్లో పెట్టి వెళ్ళింది. వారం రోజులు ట్రైనింగట. పశువుల డాక్టర్లకి కూడా ఈ వయసులో ట్రైనింగులేమిటో! ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకుంటానంది.

బండి స్టార్టు చేస్తే చాలు, ముందువైపు నుంచి కీచుమని ఒకటే గోల. సాయంత్రం తమ్ముడు వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. "బెల్టు పగుళ్ళు పట్టిందన్నయ్యా. ఇంకో రెండుసార్లు కొండెక్కితే తెగి ఊరుకుంటుంది" అన్నాడు. కొత్త బెల్టు వెంటే తెచ్చాడు. దాన్ని గోడకున్న మేకుకి తగిలించి, "షెడ్డులో చెయ్యి ఖాళీ లేదు. శనివారం సాయంత్రం వచ్చి వేస్తా. నువ్వు మాత్రం ముట్టుకోకు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. మా ఆవిడ కూడా నవ్వింది. ఆమె నవ్వడమే నాకు నచ్చలేదు.

ఇరవయ్యారేళ్ళు ఇంజన్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుగా చేశాను. నా ముద్ర పడనిదే ఒక్క ఇంజను గేటు దాటలేదు. రిటైరై ఆరు నెలలు కాలేదు, అప్పుడే ముట్టుకోకు అనిపించుకునే స్థితికి వచ్చాను.

వాడికి ఇప్పుడు రోజులు బాగున్నాయి. పాల సంఘానికి చెల్లెలి బండితో కలిపి కొండదారుల్లో తిరిగే బండ్లు ఆరున్నాయి. ఆరింటికీ కలిపి ఒకే మెకానిక్కుని పెట్టుకుంటారట. చెల్లెలు వాడి పేరు చెప్పింది. ఇరవైనాలుగున కమిటీ. పని వస్తే సంఘం గ్యారేజీలోనే చోటిస్తారు, ఆ రేకుల షెడ్డు బాధ తప్పుతుంది. వాన పడితే వాడు బండి కింద నీళ్ళలోనే పడుకుని పని చేస్తాడు పాపం. రావాలి. వస్తుంది. నేనేమీ ఏడవడం లేదు.

మార్చి 4, మంగళవారం

ముట్టుకోకు అంటాడా!

మార్చి 5, బుధవారం

ఊరికే చూద్దామని బానెట్ ఎత్తాను. ఛీ, ఏం మురికి! బురద, నూనె, కొండదారి దుమ్ము, పేడ కూడా. దీన్ని ఇన్నేళ్ళుగా చూసుకుంటున్న మెకానిక్ మా తమ్ముడు. ఇదీ వీళ్ళ పనితనం.

నా పద్ధతి వేరు. మురికి మీద పని మొదలుపెట్టను. ఫ్యాక్టరీలో కడగని ఇంజను నా బల్ల దగ్గరికి వస్తే వెనక్కి పంపేసేవాణ్ణి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కిరసనాయిలు, బ్రష్షు పట్టుకుని తోమాను. బానెట్ లోపలివైపు ఏదో పాత కాగితం అంటుకుని నల్లగా ఉంటే దాన్ని కూడా గోకేశాను. ఇప్పుడు చూడాలి, అద్దంలా ఉంది.

కడిగానంతే. బెల్టు జోలికి పోలేదు.

మార్చి 7, శుక్రవారం

వేశాను! నా చేత్తో నేనే వేశాను.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను, ఇంకెవరికి చెప్పుకోను. పొద్దున కాఫీ తాగి పెరట్లోకి వెళ్ళాను. మా ఆవిడ బట్టలు ఆరేస్తూ, "ఏమండీ, మరిది గారు వద్దన్నారు కదా" అంది. నేను వినిపించుకోలేదు. "పోనీ విప్పేముందు ఫోనులో ఒక ఫోటో అన్నా తీసుకోండి, మళ్ళీ ఎలా ఉందో మర్చిపోతారు" అంది. "ఇరవయ్యారేళ్ళు ఇవే చూశాను, నాకు ఫోటోలెందుకు?" అన్నాను.

బెల్టుని బిగించి పట్టుకునే పుల్లీ ఒకటుంటుంది, టెన్షనరు అంటారు. దానికి పొడుగు పానా వేసి లాగితే బెల్టు వదులవుతుంది. లాగాను. వదులైంది. అక్కడివరకూ బ్రహ్మాండం. ఒక చోట నుంచి తీద్దామని చెయ్యి పెట్టేసరికి మొత్తం బెల్టు ఒక్కసారే జారి నా కాళ్ళ మీద పడింది. తలెత్తి చూస్తే ఆరు ఖాళీ పుల్లీలు నా మొహంలోకి చూస్తున్నాయి. ఏది దేని మీదుగా పోయిందో, ఏది దేని కిందుగా వచ్చిందో ఒక్కటంటే ఒక్కటి గుర్తుంటే ఒట్టు.

కంపెనీ వాళ్ళు బెల్టు దారిని బొమ్మ వేసి బానెట్ కింద అంటిస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తల పైకెత్తి బొమ్మ కోసం చూశాను. శుభ్రమైన రేకు కనపడింది. మొన్న గోకేసిన కాగితం ఏమిటో అప్పుడు వెలిగింది.

చెత్తబుట్టంతా కెలికాను. రెండు ముక్కలు దొరికాయి. ఒకదాని మీద బాణం గుర్తుంది, ఇంకోదాని మీద అదీ లేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే ఒక్క నిమిషం పని. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. "ముట్టుకోకు అన్నానా!" అని వాడు నవ్వే నవ్వు ముందే చెవిలో వినిపించి మళ్ళీ జేబులో పెట్టేశాను.

మొదటిసారి బెల్టు చాలలేదు. రెండోసారి మిగిలిపోయింది. మూడోసారి కూర్చుంది. కొంచెం బిగువుగానే ఉంది, కొత్తది కదా. ఆ పుల్లీల్లో ఒకటి మాత్రం గాట్లు లేకుండా నున్నగా ఉంది. దాని మీద బెల్టు గాట్లవైపు కూర్చోవడమేమిటా అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించి పోయింది.

స్టార్టు చేశాను. కీచు లేదు, గోల లేదు. వీధిలో రెండు చుట్లు తిప్పి తెచ్చాను. బొటనవేలు చర్మం లేచిపోయినా నొప్పి తెలియలేదు. మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీరేనా!" అంది. ఆ "మీరేనా"లో ఎగతాళి ఎంతో మెచ్చుకోలు ఎంతో నేను లెక్క వేయదలచుకోలేదు. సంతోషంగా ఉంది.

మార్చి 8, శనివారం

తమ్ముడికి ఫోన్ చేసి రానక్కర్లేదన్నాను.

"అదేంటి, బెల్టు?"

"అయిపోయిందిలే."

"ఎవరు వేశారు?"

"వేయించాను."

"ఎవరిచేతన్నయ్యా? పోనీ ఒకసారి వచ్చి చూసి పోనా, ఎంతసేపు?"

"అక్కర్లేదురా, నీ పని చూసుకో" అని పెట్టేశాను. వాడికి నా మీద నమ్మకం లేదు, అదీ అసలు సంగతి.

మార్చి 9, ఆదివారం

చెల్లెలు తెల్లారేసరికి వచ్చింది. బానెట్ ఎత్తి చూసి, "అబ్బో, తోమిపెట్టాడే! చిన్నన్నయ్యేనా వేసింది?" అంది.

"ఆఁ" అన్నాను.

ఎందుకన్నానంటే దానికొక లెక్కుంది. ఇప్పుడే నేనే వేశానన్నానంటే ఆమె బండి ఎక్కకుండా నేరుగా షెడ్డుకి తోయించుకుపోతుంది. ముందు ఒక వారం నడపనీ. బండి ఎంత బాగుందో నలుగురికీ చెప్పనీ. అప్పుడు తాపీగా, అది నేనేనమ్మా అంటాను. ఆ మొహం చూడాలి.

ఆమె బండి స్టార్టు చేసి, చెవి పెట్టి విని, "చిన్నన్నయ్య చెయ్యి పడితే ఎంత మొండి బండైనా మాట వింటుంది పెద్దన్నయ్యా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు లోపల ఒకపక్క తీపిగానూ ఒకపక్క మంటగానూ ఉంది.

మార్చి 11, మంగళవారం

మధ్యాహ్నం చెల్లెలి ఫోన్. కొండ మూడో మలుపులో బండి ఆగిపోయిందట. ఇంజను కుతకుత ఉడికి ఆవిర్లు కక్కిందట. పైన గుట్ట మీద ఒక పెద్దావిడ ఉంటుంది, ఆమె ఆవు పొద్దున్నించి ఈనలేక అవస్థ పడుతోందని వెళ్ళింది చెల్లెలు. మందుల సంచీ భుజాన వేసుకుని ఎండలో రెండు గంటలు నడిచిందట.

దూడ బతికింది. ఆవు చచ్చిపోయింది.

రేడియేటర్లో నీళ్ళు తక్కువై ఉంటాయి. అంతే అయి ఉంటుంది.

మార్చి 12, బుధవారం

నీళ్ళు తక్కువ కాలేదు.

చెల్లెలు సాయంత్రం వచ్చి కూలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. నిన్న తమ్ముడు పైకెళ్ళి బండి కిందికి దించాడట. "బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. ఏమైందిరా అంటే మాట్లాడడు. ఆఖరికి, నీళ్ళ పంపు ఎదురు తిరుగుతోంది, బెల్టు తప్పుదారిలో వేశాను, నాదే పొరపాటు అన్నాడు" అంది.

"వాడే అన్నాడా?" అన్నాను.

"ఆఁ."

"వాడే? తన నోటితో?"

"ఎన్నిసార్లడుగుతావు? ఆ పెద్దావిడ కూడా నాతో పాటు మలుపు దాకా దిగి వచ్చింది, సంఘం డ్రైవర్లూ ఉన్నారు. అందరూ విన్నారు."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వంక చూసింది. నేను చెల్లెలికి మంచినీళ్ళు తెస్తానని లేచాను. బిందె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా బొటనవేలికున్న గాయాన్ని చెంబు వెనక దాచుకుని బయటికొచ్చాను.

ఆ నున్నటి పుల్లీ ఇంజనుని చల్లబరిచే నీళ్ళ పంపుది. బెల్టు వీపు దాన్ని తోయాలి. గాట్లవైపు కూర్చుంటే పంపు వెనక్కి తిరుగుతుంది. బల్లపరుపు దారిలో తెలియదు, కొండెక్కేటప్పుడు ఉడుకుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. మొన్న కూడా తెలుసు.

మార్చి 13, గురువారం

ఇవాళ రాయడానికేమీ లేదు.

మార్చి 14, శుక్రవారం

మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగేసింది. "ఎప్పుడు చెప్తారు?"

"ఏమిటి?"

"నా దగ్గర ఆ నాటకాలొద్దు. ఆ బెల్టు మీరు వేస్తుంటే ఈ కళ్ళతోనే చూశాను."

"చెప్తాను. టైము చూసి చెప్తాను."

"దానికో మంచి రోజు చూడాలా? ఇరవైనాలుగున కమిటీ అట. ఆవును చంపినవాడన్న పేరు మోసుకుంటూ ఆయన అక్కడికి పోవాలా?"

"ఆ లోపు చెప్తాను. నా మాట."

"చెప్పండి. నేను మాత్రం చెప్పను. నేను చెప్పేస్తే మీకు చెప్పే దారి కూడా ఉండదు. అది మీ కోసం అట్టేపెడుతున్నాను" అని గరిటె ఠంగున గిన్నెలో వేసి వెళ్ళిపోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. తొక్కాను సరే, కడుక్కోవడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మార్చి 15, శనివారం

తమ్ముడు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. సాయంత్రం మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యా ఒంట్లో ఎలా ఉంది, వదిన నీరసంగా ఉన్నావంది, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను."

బెల్టు గురించి ఒక్క ముక్క లేదు. తల కొట్టేసినట్టయింది.

వాడికి తెలుసా? తెలిస్తే అడగడా? తెలియకపోతే తనదని ఎందుకు ఒప్పుకుంటాడు? ఒకవేళ నేను వేయించానన్న మనిషి ఎవరో పాపం అనుకుని కాపాడుతున్నాడేమో. అలా కూడా అయి ఉండవచ్చు. వాడి మనసు వెన్న.

మార్చి 17, సోమవారం

పాల సంఘం మేనేజరు ఇంటికి వచ్చాడు. మర్యాద మనిషి. తమ్ముడి గురించి అడిగాడు. చెప్పాను. కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ సమయానికి మా ఆవిడ బజారుకి వెళ్ళింది. మంచిదే అయింది.

మార్చి 18, మంగళవారం

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. వాణ్ణి మంచివాడనే అన్నాను.

మార్చి 19, బుధవారం

నిన్న రాసింది మళ్ళీ చదివాను. అబద్ధం ఏమీ లేదు.

మార్చి 21, శుక్రవారం

"మేనేజరు గారొచ్చారట కదా, పక్కింటావిడ చెప్పింది. బెల్టు సంగతి చెప్పారా?" అంది మా ఆవిడ.

"ఆయన అది అడగలేదు."

"అడక్కపోతే చెప్పకూడదా?"

"అడగనిది చెప్పడమేమిటి, మధ్యలో?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉంది నా జవాబు, నాకే తెలుస్తోంది. ఆమె చీపురు తీసుకుని పెరట్లోకి పోయింది. ఆమె అరిస్తే తట్టుకోగలను, ఊరుకుంటే తట్టుకోలేను. ఇరవైమూడు ఆదివారం, ఆ రోజు తప్పకుండా షెడ్డుకి వెళ్ళి వాడికి చెప్పేస్తాను.

మార్చి 23, ఆదివారం

తలనొప్పి. వెళ్ళలేదు. తలనొప్పి నిజమే.

మార్చి 24, సోమవారం

తమ్ముడికి రాలేదు. వేరే ఎవరికో ఇచ్చారు.

చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. "నేనే వాడి పేరు చెప్పి, నేనే వాడి పేరు చెడగొట్టాను. ఆ రోజు కొండ మీద అంత అరవకుండా ఉండాల్సింది" అంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా విన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే మా ఆవిడ సంచీలో బట్టలు సర్దుతోంది. ఎక్కడికంటే తోటికోడలి దగ్గరికట. "ఆ ఇంట్లో ఇవాళ ఎవరో ఒకరు ఉండాలి. మీరెలాగూ పోరు" అంది. వాళ్ళింటికి, వాళ్ళని ఓదార్చడానికి, నా వల్ల వచ్చిన బాధకి నా భార్య వెళ్ళింది.

నేను ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇది రాస్తే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

మార్చి 25, మంగళవారం

పొద్దున్నే చెల్లెలి ఆస్పత్రికి వెళ్ళాను. ఒక మేకపిల్లకి కట్టు కడుతోంది. "ఆ బెల్టు వేసింది నేను" అన్నాను. గుమ్మంలోనే, చెప్పులు కూడా విడవకుండా అనేశాను. లోపలికెళ్తే నీళ్ళు నములుతానని నా భయం.

ఆమె కట్టు పూర్తి చేసింది. మేకపిల్లని దాని యజమానికి ఇచ్చి పంపింది. చేతులు కడుక్కుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఆ రోజు కొండ మీద చిన్నన్నయ్యని నేనేమన్నానో తెలుసా నీకు? చదువెలాగూ అబ్బలేదు, చేసే ఆ ఒక్క పనైనా ధ్యాస పెట్టి చెయ్యలేవా అన్నాను. ఆవిడ ముందు, డ్రైవర్ల ముందు. గ్రీజు చేతులు అలా వేలాడేసుకుని నిలబడ్డాడు. నోరెత్తలేదు."

నేను అప్పుడు చెప్పులు విడిచాను.

"నేనడిగినప్పుడు ఆఁ అన్నావు. ఎందుకన్నావు?"

"నువ్వు మెచ్చుకున్నాక చెబుదామని."

"ఏమిటీ?"

మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పటికి ఆ మాట ఎంత చవకబారుగా ఉందో నాకే వినిపించింది. ఆమె తిట్టలేదు. నవ్వింది, ఏడుపు కంటే హీనమైన నవ్వు. "ఆదివారం సంఘం సభ్యుల సమావేశం ఉంది. ఆ పెద్దావిడ కూడా వస్తుంది. నాకు చెప్పినట్టే అక్కడ చెప్పు. నా ఒక్కదానికి చెప్తే చాలదు పెద్దన్నయ్యా."

మార్చి 28, శుక్రవారం

మా ఆవిడ తిరిగొచ్చింది. అక్కడ ఎవరూ ఏమీ అనలేదట. తమ్ముడు మామూలుగానే షెడ్డుకి పోతున్నాడట, అన్నం సరిగ్గా తినడం లేదట. "చెల్లెలికి చెప్పేశాను" అన్నాను. "విన్నాను" అంది. కాఫీ ఇచ్చింది. గ్లాసు మెల్లగానే పెట్టింది.

మార్చి 30, ఆదివారం

చెప్పాను. నూటయాభై మంది ముందు, మైకులో చెప్పాను.

నేనే బొమ్మ గోకేశానని, నేనే తప్పు దారిలో వేశానని, ఫోన్ చేతిలో ఉండి కూడా అడగలేదని, తప్పు తమ్ముడి నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకున్నానని అన్నీ వరసగా చెప్పాను. ఇన్‌స్పెక్టరుని కదా, రిపోర్టు ఇవ్వడం అలవాటే. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఒకాయన వచ్చి చేతులు పట్టుకుని, "ఇంత ధైర్యం ఎవరికుంటుందండీ" అన్నాడు.

పెద్దావిడ మూడో వరసలో కూర్చుంది. ఆమె దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీ తమ్ముడు ఇప్పటికి రెండుసార్లొచ్చాడు నాయనా. దూడకి పాలు పట్టే సీసా కూడా ఆ బాబే తెచ్చాడు. నువ్వు ఇవాళ వచ్చావు. సరే, కూర్చో" అని పక్కకి జరిగింది. కూర్చున్నాను.

బయటికొస్తుంటే మేనేజరు కలిశాడు. ఇప్పుడైనా తమ్ముడి సంగతి మళ్ళీ చూడకూడదా అన్నాను. "చెప్పడం మంచిదే సార్. కానీ కొత్తాయన పనిలో చేరిపోయాడు. అయినా మేము వద్దనుకుంది బెల్టు వల్ల కాదు" అన్నాడు.

ఎందువల్ల అని నేను అడగలేదు.

తమ్ముడు సమావేశానికి రాలేదు. రేపు నేనే షెడ్డుకి వెళ్తాను. మూడు వారాల తర్వాత ఇవాళే గుండె తేలిగ్గా ఉంది. వాడు నన్ను అన్నం తినకుండా పంపడు, నాకు తెలుసు.

మార్చి 31, సోమవారం

షెడ్డుకి వెళ్ళేసరికి వాడు ఒక బండి చక్రం విప్పుతున్నాడు. నన్ను చూసి లేచి స్టూలు తుడిచి వేశాడు.

"కూర్చో అన్నయ్యా. విన్నాను. నిన్నట్నుంచి నలుగురైదుగురు ఫోన్ చేశారు. బాగా మాట్లాడావట."

"నీకు ముందే తెలుసా?"

"బానెట్ ఎత్తగానే తెలిసింది. అంత శుభ్రంగా కడిగిన ఇంజను నీది కాక ఇంకెవరిదవుతుంది?" అని కొంచెం నవ్వాడు.

"మరి నీదని ఎందుకన్నావురా?"

"చెల్లి ఏడుస్తోంది, ఆవిడ ఏడుస్తోంది. ఆ టైములో నీ పేరెత్తితే నిన్నేమనేవారో. నాకేముంది, రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. నీకు మాటపడ్డం అలవాటు లేదు, తట్టుకోలేవనుకున్నాను."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వాణ్ణి దగ్గరికి తీసుకోబోయాను. వాడు చేతులకి గ్రీజుందని వెనక్కి జరిగాడు. పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నా వంక చూడకుండా అడిగాడు.

"నాకు ఇంకేమైనా చెప్పాలా అన్నయ్యా?"

"ఏముంది, అంతా చెప్పాగా."

"మేనేజరు మీ ఇంటికొచ్చాడట."

పదిహేడో తారీఖున రాయనిది ఇక్కడ రాస్తున్నాను. మేనేజరు ఆ రోజు ఇలా అన్నాడు. "బెల్టు సంగతి పక్కన పెడదాం సార్, ఒకసారి ఎవరికైనా జరుగుతుంది. మీరు ఇన్‌స్పెక్టరుగా చేసినవారు, పైగా సొంత అన్నగారు. మీ తమ్ముడి పని ఎలాంటిదో మీరు ఒక్కమాట చెప్పండి, మాకు అదే చాలు." అంటే వాడికి ఆ పని ఇవ్వడానికే వచ్చాడు. నేను అవునంటే చాలు. నేనన్నది ఇది: "మంచివాడేనండీ. కాకపోతే కొంచెం తొందర మనిషి."

బెల్టు తప్పు వాడిదేనన్న మాట నిలబడాలని అలా అన్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. చిన్నన్నయ్య చెయ్యి పడితే బండి మాట వింటుందని చెల్లెలు అన్నది నా చెవిలో అప్పటికీ ఉంది. ఏడుపు. దానికి ఇంకో పేరు లేదు. వాడి మీద నాది ఉత్త ఏడుపు. నిన్న మైకు ముందు కూడా ఈ ఒక్కటీ మింగేశాను.

"కమిటీ మినిట్స్ లో రాశారు. సొంత అన్నగారే తొందర మనిషి అన్నారు అని. అడిగితే చూపించారు" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "బెల్టు తప్పు ఎవరైనా చేస్తారు, నేనూ చేశాను కొత్తలో. దానికి నాకేమీ లేదు. అది మాత్రం..." అని ఆపేశాడు.

వాడు నేల మీద గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయట కనిపిస్తున్నాయి. పానా చప్పుడు మొదలైంది. ఆ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, "తప్పయిపోయిందిరా, నన్ను క్షమించు" అన్నాను. మా వాడి ముందు నేను ఈ మాట అనడం ఈ జన్మలో ఇదే మొదలు.

పానా చప్పుడు ఆగింది. బండి కింద నుంచే అన్నాడు.

"నేను తొందర మనిషినే అయితే, ఆ రోజు కొండ మీద బానెట్ ఎత్తిన వెంటనే నీ పేరు చెప్పేసేవాణ్ణి కదన్నయ్యా."